పిల్లాజెల్లాతో వైజాగ్ వచ్చి రాళ్ళ మీంచి గాలం వేయొచ్చా?

హైదరాబాదు నుంచి అడిగినాయన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. రెండు కుటుంబాలు, వాళ్ళ నలుగురు పిల్లలు (ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా), ఆయన అమ్మగారు, ఇద్దరు స్నేహితులు, మొత్తం పదకొండు మంది. సంక్రాంతికో, మే సెలవుల్లోనో మూడు రోజులు వైజాగ్ వచ్చి సముద్రపు రాళ్ళ మీంచి చేపలు పట్టాలని ఉంది. చెరువులో గాలం వేసిన అలవాటు ఉంది, సముద్రం కొత్త. ఏ రాయి బాగుంటుంది, ఏ రాడ్ కొనాలి, పట్టిన చేప అక్కడే వండుకోవచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. రండి. సంక్రాంతికే రండి, మేలో వద్దు. పిల్లల్ని మాత్రం రాళ్ళ మీదికి తీసుకురాకండి. గాలం పని తెల్లవారుజామున రెండు మూడు గంటలే, అదీ పెద్దవాళ్ళకే, ఒక్కో రాయి మీద ఇద్దరో ముగ్గురో. మిగతా రోజంతా కుటుంబంతో మామూలు విహారం. రాత్రి కూరలోకి చేప కొనుక్కుందామనే లెక్కతో రండి. గాలానికి పడితే అది పైలాభం.

నాది గాజువాక. ఇరవై రెండేళ్ళుగా ఆదివారాలు ఈ రాళ్ళ మీదే గడిచాయి. మా ఆవిడ దృష్టిలో అదొక జబ్బు. అందుకే కొంచెం విడమరిచి రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మే ఎందుకు వద్దంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో ఇంజన్ బోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. ఒడ్డున రాడ్ పట్టుకుని నిలబడే మీకు దాంతో పేచీ లేదు గానీ, బోట్లు కదలకపోతే మార్కెట్లో తాజా చేప తక్కువ, ధర ఎక్కువ. ఎండకి కాలిన రాయి మీద పొద్దున ఎనిమిది తర్వాత నిలబడలేరు. సాయంత్రాలు ఉరుములు మెరుపులు. చేతిలో తొమ్మిదడుగుల కార్బన్ రాడ్ ఉన్నప్పుడు ఉరిమితే ఏం చేయాలో వేరే చెప్పక్కర్లేదు. వీటన్నిటికన్నా ముఖ్యం, వేసవి నుంచి దక్షిణపు ఉబ్బు కెరటాలు మొదలవుతాయి. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో గాలివానకి పుట్టిన కెరటం వేల కిలోమీటర్లు నడిచి ఇక్కడి రాయికి కొడుతుంది. ఇక్కడ గాలి ఉండదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. సముద్రం ప్రశాంతంగా ఉందనే అనుకుంటారు.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘మా’ లంగరు నిలవక తెన్నేటి పార్కు కింద రాళ్ళలోకి కొట్టుకొచ్చింది. నేను రాడ్ పట్టుకుని నిలబడే చోటుకి దగ్గర్లోనే ఓడ ఒరిగి ఉండటం చూశాక, అక్టోబరులో సరదాలు మానేశాను. జనవరి, ఫిబ్రవరి నెలల్లో సముద్రం కాస్త మనిషి మాట వింటుంది.

ఏ రాయి? మీరు అడిగిన అసలు సంగతి ఇదే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. తూర్పు కనుమలు సముద్రం దాకా నడిచొచ్చిన ఊరు ఇది. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ఆ సంగతి కళ్ళకు కడుతుంది. తెన్నేటి పార్కు నుంచి జోడుగుళ్ళపాలెం, రుషికొండ అంచులు, తొట్లకొండ కింద మంగమారిపేట, దక్షిణాన యారాడ రెండు కొసలు, అప్పికొండ, ఇంకా కిందికి అనకాపల్లి జిల్లాలో రేవుపోలవరం, అన్నిచోట్లా రాళ్ళున్నాయి. హార్బరు దగ్గరా, నేవీ హద్దుల్లోనూ గాలం వేయాలని చూడకండి. ఫొటోలు కూడా తీయకండి.

కొత్తవాళ్ళకి నేను ఒక రాయి పేరు చెప్పను. చూడటం ఎలాగో చెబుతాను. రాయి మీద నల్లగా, నాచు పట్టి జారే గీత ఒకటి ఉంటుంది. కెరటం రోజూ ఎక్కే మేర అది. దానికి నిలువెత్తు పైన, పొడిగా ఉన్న చోటే నిలబడండి. వెనక్కి నడిచి వెళ్ళే దారి ఉండాలి. ఎగబాకాల్సిన దారి దారే కాదు. పోటు వచ్చినప్పుడు ఆ దారి నీళ్ళలో మునిగేదయితే ఆ రాయి మీకు వద్దు. వెడల్పుగా, కాస్త వెనక్కి వాలిన బండ మంచిది. నీళ్ళలోకి వాలిన బండ ఎంత అందంగా ఉన్నా దండం పెట్టి వచ్చేయండి.

ఎక్కే ముందు ఇరవై నిమిషాలు ఊరికే కూర్చుని సముద్రాన్ని చూడండి. కెరటాలు గుంపులుగా వస్తాయి. పది నిమిషాలు చిన్నచిన్నవి వచ్చి, ఆనక మూడు నాలుగు పెద్దవి వరసగా లేస్తాయి. అయిదు నిమిషాలు చూసి ఎక్కినవాడికి ఆ పెద్దవి లెక్కలోకి రావు.

నా సంగతే చెబుతాను. పన్నెండేళ్ళ కిందట జోడుగుళ్ళపాలెం అవతల నేను, మా బావమరిది ఒక బండ మీద నిలబడ్డాం. అరగంటలో పాదం కూడా తడవలేదు. ఆ ధీమాతో నేను వెనక్కి తిరిగి ఎర కోస్తున్నాను. నడుము దాకా నీళ్ళు వచ్చి ఇద్దర్నీ వెనకున్న రాళ్ళ మీద కూలేశాయి. సముద్రంలోకి లాగలేదు, అదృష్టం. సామాన్ల డబ్బా పోయింది. రాతికి అంటుకుని ఉండే పదునైన గుల్లలు మా బావమరిది పిక్కని కత్తిలా చీరాయి, ఏడు కుట్లు పడ్డాయి. అంతా చూస్తున్న జాలరి తాత ఒకాయన వచ్చి, తిట్టకుండా, ‘బాబూ, గంగమ్మకి ఈపు సూపకూడదు. కూకుని ఎర కోసుకోవాలంతే ఎనక్కెళ్ళి కోసుకోండి’ అన్నాడు. అప్పట్నుంచీ ఎర కోయడం, ముడులు వేయడం, ఫోన్ మాట్లాడటం అంతా వెనక ఇసకలోనే.

‘మాకు ఈత వచ్చు కదా’ అని రాశారు. రాళ్ళ దగ్గర ఈత వచ్చినవాడి తల కూడా రాతికే తగులుతుంది. లైఫ్ జాకెట్ వేసుకోండి, చూసినవాళ్ళు నవ్వితే నవ్వనీండి. ఎవరైనా పడితే వెంటనే రాయి పట్టుకుని ఎక్కాలని చూడకూడదు, కెరటం మళ్ళీ మళ్ళీ అదే రాతికి బాదుతుంది. రాళ్ళకి దూరంగా, లోపలికి నాలుగు బారలు ఈది, వెల్లకిలా తేలుతూ సాయం కోసం చూడాలి. పైనున్నవాళ్ళు దూకకూడదు. తాడు గానీ, మూత బిగించిన ఖాళీ క్యాన్ గానీ, ఐస్ డబ్బా గానీ విసరాలి. 112కి ఫోన్ చేయండి. కోస్ట్ గార్డుకి 1554, మెరైన్ పోలీసులకి 1093. ఇవి ముందే ఫోన్లో పెట్టుకోండి.

హైదరాబాదులోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ కెరటాల ఎత్తు, ఉబ్బు హెచ్చరికలు రోజూ ఇస్తుంది. మీ ఊరి వాళ్ళు చెప్పిన మాటే, కాబట్టి నమ్మండి. నా లెక్క: కెరటం మీటరు దాటుతుందని ఉంటే రాయి ఎక్కను, బయల్దేరి వచ్చేసినా సరే. ఎత్తుతో పాటు ఒక కెరటానికీ ఇంకో కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడండి. ఆ ఎడం ఎక్కువైన కొద్దీ, దూరానికి పొట్టిగా కనిపించే కెరటమే రాయి దగ్గర లేచి నిలబడుతుంది.

ఆటుపోట్లు మా దగ్గర రోజుకి రెండేసి సార్లు. ఒక పోటుకీ మరో పోటుకీ సుమారు పన్నెండు గంటల పాతిక నిమిషాలు పడుతుంది గనక, పోటు వేళ రోజురోజుకీ ముప్పావుగంట పైన ఆలస్యమవుతుంది. గుజరాత్ తీరంలా నీళ్ళు మైళ్ళ దూరం వెనక్కి పోవు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా తేడా సుమారు ఒకటిన్నర మీటరే. అయినా రాళ్ళ సందుల్లో ఆ ఒకటిన్నర మీటరే అన్నీ మారుస్తుంది. పోటు ఎక్కుతున్న చివరి రెండు గంటలూ చేప రాళ్ళ దగ్గరికి మేతకి వస్తుంది. ఆ రెండు గంటలూ తెల్లవారుజాముతో కలిసిన రోజు మీ మూడు రోజుల్లో ఒకటి పడితే, ఆ రోజే గట్టిగా వేయండి. సంక్రాంతి రోజుల్లో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. రాళ్ళు మంచుకి తడిసి ఉంటాయి, చెప్పులతో రాకండి. అడుగున పట్టు ఉన్న బూట్లు తెచ్చుకోండి.

సామాన్లు. చెరువు రాడ్ పనికిరాదు. తొమ్మిది, పదడుగుల రాడ్, 4000 లేదా 5000 సైజు స్పిన్నింగ్ రీలు, ముప్ఫై పౌండ్ల అల్లిక దారం, కొసన రెండు బారల నలభై పౌండ్ల నైలాన్ లీడర్. రాతికి ఒరుసుకుంటే అల్లిక దారం ఇట్టే తెగుతుంది, అందుకే ఆ లీడర్. రాడ్, రీలు కలిపి అయిదారు వేలు దాటనవసరం లేదు. మొదటిసారికి అంతకంటే పెడితే సముద్రానికి కట్నం ఇచ్చినట్టే. పదకొండు మందికీ రాడ్లు కొనకండి, మూడు చాలు.

రాళ్ళ మీద అసలు ఖర్చు రాడ్ కాదు, అడుగున చిక్కుకుని పోయే గాలాలూ, సీసం గుండ్లూ. దానికో చిట్కా. గుండుని అసలు దారానికి నేరుగా కట్టకుండా, దానికన్నా బలహీనమైన సన్నని నైలాన్ ముక్కతో కట్టండి. గుండు రాతి సందులో ఇరుక్కుంటే ఆ ముక్క తెగుతుంది, గాలం, దానికున్న చేప మీకు దక్కుతాయి. గుండు బదులు పాత స్పార్క్ ప్లగ్గులు కట్టండి. బైకు మెకానిక్కుని అడిగితే గుప్పెడు ఊరికే ఇస్తాడు. పోయినా బాధ ఉండదు, సముద్రంలోకి సీసమూ వెళ్ళదు. నేను సీసం కొని చాలా ఏళ్ళయింది.

ఎరకి పచ్చి రొయ్యలు, కానాగడత చేప ముక్కలు. పొద్దున్నే మార్కెట్లో దొరుకుతాయి. తెల్లవారగానే నీళ్ళ మీద చిన్న కవళ్ళ చేపలు చిందులేస్తుంటే కింద పార చేపలు తరుముతున్నాయన్నమాట. అప్పుడు ఎర పక్కన పెట్టి, నీటిమీద చప్పుడు చేసే పాపర్ గానీ, మెరిసే ఇనప జిగ్ గానీ వేయండి. పార కొట్టే దెబ్బకి చెరువు అలవాటు మొత్తం మర్చిపోతారు. రీలు బ్రేకు ముందే కాస్త వదులు చేసుకోండి, లేదంటే పాఠం రాడ్ విరిగాక వస్తుంది.

ఏం పడతాయో నిజాయితీగా చెబుతాను. అర కేజీ, కేజీ పారలు, చిన్న గ్రూపర్లు, గులివిందలు, జెల్లలు. పండుగప్ప కావాలంటే భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఆశపడొచ్చు. వీడియోల్లో చూసిన పది కేజీల చేప మూడు రోజుల్లో పడుతుందని పిల్లలకి మాటివ్వకండి. నేను నాలుగు ఆదివారాల్లో ఒక ఆదివారం ఖాళీ సంచితోనే ఇంటికొస్తాను.

జెల్ల పడితే చేత్తో పట్టుకోకండి. వీపు మీదొకటి, పక్కలకి రెండు ముళ్ళు, వాటిలో విషం ఉంటుంది. మా ఆఫీసు కుర్రాడొకడు చచ్చిందనుకుని కాలితో తన్నాడు, ముల్లు బూటు గుడ్డలోంచి దిగింది. అరిచిన అరుపు రోడ్డు దాకా వినిపించింది. టేకు చేప తోకముల్లుదీ అదే కథ. ఆ విషం వేడికి తగ్గుతుంది. చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, అంటే నలభై నుంచి నలభై అయిదు డిగ్రీల దాకా, అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచాలి. వేడి ఎంతుందో నొప్పి లేని చేత్తో చూసుకోండి. కుట్టిన చోటు మొద్దుబారి తెలియదు. అందుకే నా సంచిలో టీ ఫ్లాస్కుతో పాటు వేడినీళ్ళ ఫ్లాస్కు ఒకటి ఉంటుంది. ముల్లు లోపల విరిగినా, వాపు ఎక్కినా ఆసుపత్రికే. ఇంకోటి, గాలానికి తగిలాక పొట్ట బంతిలా ఉబ్బించే చేప పడుతుంది. పిల్లలకి ముద్దుగా ఉంటుంది. దాన్ని నీళ్ళలో వదిలేయండి. ఎలా వండినా పోని విషం అది. పేరు తెలియని చేప ఏదైనా ఊళ్ళో జాలర్లకి చూపించకుండా కూరలో వేయకండి.

మరి పిల్లలు? రెండో రోజు పూర్తిగా వాళ్ళకిచ్చేయండి. భీమిలిలో నది సముద్రంలో కలిసే నోటి దగ్గర లాగుడు బలంగా ఉంటుంది, అక్కడ కాదు. కాస్త లోపలికి, నీరు నిలకడగా ఉండే ఒడ్డున కూర్చోబెట్టి చేతిగాలాలు ఇవ్వండి. బెండు, చిన్న గాలం, రొయ్య ముక్క. గాలానికుండే ఎదురుముల్లుని పటకారుతో నొక్కేయండి. చేపలు నాలుగు తప్పించుకుంటాయి గానీ, పిల్లాడి వేలికి గుచ్చుకుంటే సులువుగా వస్తుంది. మా అమ్మాయి ఏడేళ్ళప్పుడు అక్కడ బెత్తెడు చేప పట్టి, దానికి పేరు పెట్టి, ఇక కోయనివ్వలేదు. ఆ రాత్రి మేం సాంబారన్నం తిన్నాం. అమ్మగారికి ఓ కుర్చీ, గొడుగు వేస్తే ఆవిడకీ అక్కడే బాగుంటుంది. ఆటు సమయం చూసుకుని మంగమారిపేట తీసుకెళ్తే రాతి కమాను దగ్గర గుంటల్లో పీతలు, చిన్న చేపలు, గుల్లలు కనిపిస్తాయి. గంటసేపు ఏ ఫోనూ గుర్తురాదు. పెద్దవాళ్ళు ఒకరు మాత్రం సముద్రం వైపు చూస్తూనే ఉండాలి.

బోటు మీద లోపలికి వెళ్దామని మీ స్నేహితుడి ఉబలాటం. వేట ఫైబర్ బోట్లు మనుషుల్ని తిప్పడానికి కాదు. డబ్బులిస్తే ఎవరో ఒకరు ఒప్పుకోవచ్చు. పిల్లలతో మాత్రం వద్దే వద్దు. పెద్దవాళ్ళు వెళ్ళినా లైఫ్ జాకెట్ లేకుండా కాలు పెట్టకండి. అలవాటు లేని కడుపు పావుగంటలో ఎదురుతిరుగుతుంది, వెనక్కి తిప్పమంటే వాళ్ళ రోజు వేట పోతుంది.

ఇక వంట. ఒడ్డున రాత్రి మంట వేసి చేపలు కాల్చుకోవాలన్న ఆలోచన మానుకోండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ ఇసకలోకే గుడ్లు పెట్టడానికి వస్తాయి. వెలుతురు చూస్తే బెదిరి వెనక్కి పోతాయి. 1972 వన్యప్రాణి చట్టం కింద వాటికి గట్టి రక్షణ ఉంది, గుడ్లు ముట్టుకున్నా నేరమే. తెగిన నైలాన్ దారం ముక్కలు కూడా ఒక్కటి వదలకుండా ఏరి తీసుకెళ్ళండి. వంటగది ఉన్న బస చూసుకుంటే సరిపోతుంది. పొద్దున రాళ్ళ మీంచి వచ్చేటప్పుడు దగ్గరి ఊరి ఒడ్డుకి బోట్లు చేరే వేళ కనుక్కుని వెళ్ళండి. అమ్మే ఆడవాళ్ళతో కాస్త బేరం, రెండు కబుర్లు, మీ కూర వచ్చేసినట్టే.

పట్టింది గానీ, కొన్నది గానీ వెంటనే ఐసులో పెట్టాలి. చేప ఎంతో ఐసూ అంత. థర్మాకోల్ డబ్బా తెచ్చుకోండి. కానాగడత జాతి చేపలు ఎండలో రెండు మూడు గంటలుంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్నాక ఒళ్ళంతా ఎర్రబడి దద్దుర్లు, తలనొప్పి. చాలామంది ‘నాకు సముద్రపు చేప పడదు’ అని జీవితాంతం మానేస్తారు, తప్పు చేపది కాదు, ఎండది. పులుసు పెడితే రాత్రి పెట్టి పొద్దున తినండి, అంతకు మించి సలహా ఇస్తే మా ఆవిడ నవ్వుతుంది.

మీ ఇంకో స్నేహితుడు రాత్రి గాలం అడిగారు. రాత్రి పెద్ద చేప వస్తుంది, నిజమే. వచ్చే కెరటం కూడా కనపడదు. నేను రాత్రి వేస్తే ఇసక తీరంలోనే వేస్తాను, రాళ్ళ మీదికి వెళ్ళను. మీరు మొదటిసారి వస్తున్నారు కాబట్టి అది కూడా వద్దనే అంటాను.

తేదీలు ఖరారయ్యాక ఇక్కడే రాయండి, ఆ మూడు రోజుల పోటు వేళలు చూసి ఏ పొద్దున ఎటు వెళ్ళాలో చెబుతాను. వీలైతే ఒక పొద్దున నేనూ వస్తాను. స్పార్క్ ప్లగ్గులు మాత్రం మీ మెకానిక్కు దగ్గర అడిగి తెచ్చుకోండి, మా వీధిలో ఉన్నవన్నీ నేనే పట్టుకొచ్చేశాను.